బీపీ మాత్ర కిడ్నీని ఎలా కాపాడుతుంది?

ప్రశ్న: నాకు 52 సంవత్సరాలు. చాలా కాలంగా అధిక రక్తపోటు ఉంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నట్లు తేలడంతో డాక్టరుగారు పాత మాత్ర మాన్పించి లోసార్టాన్ రాశారు. రెండు వారాల తరువాత చేయించిన పరీక్షలో, కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ 1.1 నుంచి 1.3కి పెరిగింది. కిడ్నీని కాపాడుతుందన్న మందే దానిని పాడుచేస్తోందేమోనని భయంగా ఉంది. మాత్ర ఆపేయవచ్చా?

జవాబు: మీ అంతట మీరు ఆపవద్దు. ఈ భయంతోనే చాలామంది తమకు ఎంతో అవసరమైన మందును వదులుకుంటున్నారు కనుక లోపల జరుగుతున్నదేమిటో కొంత వివరంగా చెబుతాను.

ఒక్కొక్క కిడ్నీలో నెఫ్రాన్లు అనే వడపోత విభాగాలు సుమారు పది లక్షలు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో గ్లొమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్ట ఉంటుంది. రక్తం వడపోత జరిగేది అక్కడే. దానిలోకి రక్తాన్ని తెచ్చే నాళం ఒకటి, బయటికి తీసుకుపోయే నాళం మరొకటి. ఎనిమిది అమైనో ఆమ్లాలు మాత్రమే ఉండే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ ఈ రెండింటిలో బయటికి పోయే నాళాన్ని ఎక్కువగా బిగిస్తుంది. దాంతో గ్లొమెరులస్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. కొంతకాలం వడపోత బాగానే జరుగుతున్నట్లు కనిపించినా, ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిని భరించిన వడపోత పొర దెబ్బతిని అల్బుమిన్‌ను జారవిడుస్తుంది. అంతటితో ఆగక యాంజియోటెన్సిన్-2, టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్‌ను ప్రేరేపించి, పనిచేసే కణజాలం స్థానంలో మచ్చకణజాలం పెరగడానికి కూడా కారణమవుతుంది.

లోసార్టాన్ ఆ హార్మోన్ అతుక్కునే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు బయటికి పోయే నాళం వదులై లోపలి ఒత్తిడి తగ్గుతుంది, వడపోత వేగం కూడా కాస్త తగ్గుతుంది, ఆ మేరకు రక్తంలో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. అంటే మీ పరీక్షలో కనిపించిన పెరుగుదల చాలావరకు మందు తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు. తొలి వారాలలో 30 శాతం లోపు పెరుగుదలను, పొటాషియం అదుపులో ఉన్నంత వరకు, వైద్యులు అంగీకరిస్తారు. మీది 18 శాతం మాత్రమే. అయితే ఆ పొటాషియం ఎంత ఉందో మీరు రాయలేదు, అది తప్పక చూపించుకోండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన రోజులలో మాత్ర కొనసాగించాలా అన్నది వెంటనే డాక్టరుగారిని అడగండి. గర్భిణులు ఈ తరగతి మందులు వాడకూడదు. యాంజియోటెన్సిన్-2 తయారీనే అడ్డుకునే ఏసీఈ నిరోధకాన్ని లోసార్టాన్ వంటి మందుతో కలిపి వాడితే రెట్టింపు మేలు జరుగుతుందని ఒకప్పుడు ఆశించారు గానీ, 2008లోనూ 2013లోనూ వెలువడిన పెద్ద పరీక్షలు ఆ జోడీ కిడ్నీకి హాని చేస్తుందనే తేల్చాయి.

ప్రశ్న: రక్తపోటు వల్ల కిడ్నీ పాడవుతుందని కొందరు, కిడ్నీ పాడైతేనే రక్తపోటు వస్తుందని కొందరు చెబుతారు. ఏది ముందు?

జవాబు: రెండూ నిజమే. కానీ రక్తపోటు పుట్టుకలో కిడ్నీకి ఉన్న పాత్రను మనం ఇప్పటికీ తక్కువగా అంచనా వేస్తున్నామని నా అభిప్రాయం. 1898లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టిగర్‌స్టెట్, పేర్ బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీ సారాన్ని మరో కుందేలుకు ఎక్కించగా రక్తపోటు పెరిగింది. ఆ సారంలోని పదార్థానికి వారు రెనిన్ అని పేరు పెట్టారు. దాదాపు నాలుగు దశాబ్దాలు దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనులను బిగించి స్థిరమైన అధిక రక్తపోటు కలిగించిన తరువాతే అందరి దృష్టీ మళ్లీ అటు మళ్లింది. రెనిన్ స్వయంగా నాళాలను బిగించదు. కాలేయం తయారుచేసే యాంజియోటెన్సినోజెన్‌ను అది కత్తిరిస్తుంది, ఆ ముక్కను ఏసీఈ అనే ఎంజైమ్ మరింత కుదించి యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. అది నాళాలను బిగించడంతోపాటు అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి, కిడ్నీ ఉప్పును పట్టి ఉంచేలా చేస్తుంది. ఏసీఈని అడ్డుకుని ఈ గొలుసును తెంపిన మొదటి మాత్ర క్యాప్టోప్రిల్ 1981లో అనుమతి పొందింది. బ్రెజిల్‌కు చెందిన ఒక పాము విషంలో సెర్జియో ఫెరీరా గుర్తించిన పదార్థాలే దాని తయారీకి దారి చూపాయి.

అవయవ మార్పిడి నుంచి దొరికిన సాక్ష్యం ఇంకా బలమైనది. చాలాకాలం అధిక రక్తపోటుతో బాధపడి కిడ్నీలు విఫలమైన ఆరుగురికి ఆరోగ్యవంతమైన కిడ్నీ అమర్చగా, వారి రక్తపోటు సాధారణ స్థాయికి వచ్చిందని 1983లో ప్రచురితమైంది. 2003లో జర్మన్ పరిశోధకులు ప్రమాదాలలో మరణించినవారి కిడ్నీలను పరిశీలించినప్పుడు, రక్తపోటు ఉన్నవారిలో నెఫ్రాన్ల సంఖ్య మిగిలినవారిలో ఉన్నదానిలో సుమారు సగమే ఉంది. నెఫ్రాన్లు మనం పుట్టేనాటికే ఏర్పడిపోతాయి, తరువాత కొత్తవి రావు. కనుక కొందరి విషయంలో రక్తపోటుకు బీజం తల్లి గర్భంలోనే పడుతుందని అనుకోవడానికి ఆధారం ఉంది.

ప్రశ్న: మా కుటుంబంలో చాలామందికి బీపీ ఉంది. మేమందరం జన్యుపరీక్ష చేయించుకోవాలా?

జవాబు: అందరికీ అక్కర్లేదు. సాధారణ రక్తపోటులో వందల జన్యుస్థానాల ప్రభావం ఉంటుంది, ఒక్కొక్కదాని వాటా చాలా స్వల్పం. కాకపోతే ఒకే జన్యువు వల్ల వచ్చే అరుదైన రక్తపోటులూ ఉన్నాయి. 1963లో గ్రాంట్ లిడిల్ వర్ణించిన వ్యాధిలో చిన్న వయసులోనే తీవ్రమైన రక్తపోటు వస్తుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. మూడు దశాబ్దాల తరువాత, కిడ్నీలో సోడియంను లోపలికి తీసుకునే మార్గంలోని లోపమే దీనికి కారణమని తెలిసింది. ఆల్డోస్టెరోన్‌ను అడ్డుకునే స్పైరొనోలాక్టోన్ ఈ రోగులకు పనిచేయదు, ఆ మార్గాన్నే మూసే అమిలోరైడ్ చక్కగా పనిచేస్తుంది. కాబట్టి కారణమైన అణువు తెలియడం వైద్యాన్నే మార్చివేస్తుంది. ముప్పై ఏళ్ల లోపే రక్తపోటు వచ్చినవారు, పొటాషియం కారణం లేకుండా తగ్గినవారు, కుటుంబంలో కిడ్నీ తిత్తుల వ్యాధి ఉన్నవారు జన్యుపరీక్ష గురించి నిపుణులను అడగాలి. మిగిలినవారు ఏటా రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోవడమే మేలు. ఈ మూడింటిలో చివరిదానినే ఎక్కువమంది మరచిపోతారు, కిడ్నీ జబ్బును చాలాసార్లు ముందుగా పట్టిచ్చేది మాత్రం అదే.

ప్రశ్న: నాకు మధుమేహం లేదు, కిడ్నీ జబ్బు మాత్రమే ఉంది. అయినా డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. అది షుగరు మందు కాదా?

జవాబు: మొదట షుగరు మందుగానే వచ్చింది. అది కిడ్నీ నాళికలలో చక్కెరతోపాటు సోడియంను వెనక్కి పీల్చే ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. నాళికలో ముందుకు సాగిన అదనపు సోడియంను కిడ్నీ గుర్తించి, గ్లొమెరులస్‌లోకి రక్తం తెచ్చే నాళాన్ని కాస్త బిగిస్తుంది. లోసార్టాన్ రక్తాన్ని బయటికి తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తే ఇది లోపలికి తెచ్చే నాళాన్ని బిగిస్తుంది కనుక రెండూ కలిసి లోపలి ఒత్తిడిని తగ్గిస్తాయి. 2020లో 4,304 మందిపై ముగిసిన పరీక్షలో దాదాపు మూడోవంతు మందికి మధుమేహం లేదు, వారికీ మేలు జరిగింది.

ప్రశ్న: ఆరు నెలలకు ఒక ఇంజెక్షన్‌తో బీపీ తగ్గుతుందట, నిజమేనా?

జవాబు: మీరు విన్నది జిలెబెసిరాన్ గురించి అయి ఉంటుంది. కాలేయంలో యాంజియోటెన్సినోజెన్ తయారీకి ఆదేశం మోసుకుపోయే ఆర్‌ఎన్‌ఏను అది నాశనం చేస్తుంది. ఒక్క మోతాదు ప్రభావం ఆరు నెలల వరకు నిలిచినట్లు 2023లో ప్రకటించారు. రోజూ మాత్ర వేసుకోలేనివారికి ఇది ఎంతో ఆశ కలిగించే వార్త. కానీ మాత్ర మానేస్తే ప్రభావం కొద్ది రోజుల్లో పోతుంది, ఇంజెక్షన్ విషయంలో ఆ వీలు లేదు. తీవ్రమైన విరేచనాలో రక్తస్రావమో జరిగి రక్తపోటు పడిపోయినప్పుడు శరీరానికి పైన చెప్పిన రెనిన్-యాంజియోటెన్సిన్ గొలుసే ఆసరా. ఆ సందర్భాలలో రోగి ఎంత భద్రంగా ఉంటాడన్నదానికి, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ముదిరినవారిలో, పరీక్షలు గట్టి సమాధానం ఇచ్చేవరకు మీ మాత్రలనే కొనసాగించండి.