ఉడతల వేటకు మజిల్‌లోడర్ షాట్‌గన్: మందు పెంచాలా, తగ్గించాలా?

మీది మజిల్‌లోడర్, అంటే గొట్టం మూతి నుంచి దట్టించే తుపాకీ. 12 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్‌లో 90 గ్రెయిన్ల (చిన్న తూకం) బ్లాక్ పౌడర్, అంటే తుపాకీ మందు, ఔన్సు షాట్ (చిన్న గుళ్లు, అంటే పెల్లెట్లు) వేస్తున్నానని రాశారు. ఉడత 25 గజాల్లోనే ఉన్నా తప్పించుకుపోతోంది, మందు ఇంకా పెంచాలా అని అడిగారు. పెంచకండి, తగ్గించి చూడండి.

నేనుండేది అమెరికాలోని మిస్సోరీలో. ఓజార్క్ అడవుల్లో ఇలాంటి తుపాకీతోనే ఉడతలకు వెళ్తుంటాను. (మన దేశంలో ఉండి చదివేవాళ్లు ఆశపడొద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అక్కడ వేట నేరం.) ఈ రకం తుపాకుల్లో చాలావాటికి చోక్ (గొట్టం చివర సన్నబడే భాగం) ఉండదు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడేది సుమారు 40 శాతం పెల్లెట్లే. దానికి తోడు మందు ఎక్కువైతే వెనక నుంచి వాడ్ (మందుకూ షాట్‌కూ మధ్య పెట్టే బిళ్ల) దూసుకొచ్చి షాట్‌ను చెల్లాచెదురు చేస్తుంది. కాగితం మీద కాల్చి చూడండి, గారెలాగా చుట్టూ చిల్లులు, మధ్యలో ఖాళీ. ఉడత ఆ ఖాళీలో ఉందన్నమాట.

నా తుపాకీకి బాగా కుదిరింది 70 గ్రెయిన్లు, ఎఫ్ఎఫ్‌జీ రకం (మధ్యస్థ పలుకు మందు). మందు కొలిచిన కొలతతోనే షాట్ కూడా కొలుస్తాను, అది ఔన్సుకు కాస్త అటూఇటూగా తూగుతుంది. అక్కడ మొదలుపెట్టి మందు ఐదేసి గ్రెయిన్లు మారుస్తూ, ప్రతిసారీ కొత్త కాగితం మీద 25 గజాల నుంచి కాల్చండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మందూ వాడ్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటొద్దు. పాతకాలపు అసలు తుపాకీ అయితే గన్‌స్మిత్‌కు చూపించాకే ఇవన్నీ. స్మోక్‌లెస్ పౌడర్ ఎంత తక్కువైనా వేయొద్దు, గొట్టం పేలిపోతుంది.

నన్నడిగితే మందుకన్నా వాడ్‌లోనే అసలు తేడా ఉంది. మందు మీద గట్టి కార్డు తప్పనిసరి. దానిపైన వేసే అర అంగుళం ఫైబర్ వాడ్ బరువుగా ఉంటే, అదే షాట్‌లోకి చొచ్చుకొస్తుంది. నేను దాన్ని సగానికి చీల్చి, నూనె రాసి వేస్తాను, నడుమ ఖాళీ చాలావరకు పూడింది. షాట్ మీద మాత్రం పల్చటి కార్డు చాలు.

ఉడతకు 6 నంబర్ షాట్ సరిపోతుంది, ఔన్సుకు దాదాపు 225 పెల్లెట్లు. ఏడున్నర నంబర్‌లో ఇంకా ఎక్కువే వస్తాయి కానీ ఉడత తోలు గట్టిది, దాన్ని క్వెయిల్ పిట్టలకు ఉంచుకోండి.

మీది డబుల్ బ్యారెల్ కాబట్టి ఇంకొకటి. ఒక గొట్టం కాల్చి మళ్లీ దట్టించేముందు రెండో గొట్టం క్యాప్ (మందును అంటించే చిన్న టోపీ) తీసేయండి. మొదటి దెబ్బ కుదుపుకు రెండోదాంట్లో షాట్ ముందుకు జరగొచ్చు. మందుకూ షాట్‌కూ మధ్య ఖాళీ ఏర్పడితే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. ర్యామ్‌రాడ్ (దట్టించే కడ్డీ) మీద గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ దించి సరిచూసుకోండి.