క్లియరెన్స్ ఫారంలో ఏదీ దాచకు

కిరణ్,

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన వెంటనే డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఆఫర్ రావడం చాలా సంతోషం రా. కానీ సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం, అంటే రహస్య సమాచారం చూసే అనుమతి కోసం నింపే ప్రభుత్వ ఫారం ఎస్‌ఎఫ్-86 గురించి నీ ఫ్రెండ్స్ చెప్పిన "రాయకపోతే ఎవరికి తెలుస్తుంది" అన్న సలహా మాత్రం వినకు. నేను ఆ ఫారం నింపినవాణ్ని, నా టీమ్‌లో చేరిన పిల్లలు నింపుతుంటే చూసినవాణ్ని. గంజాయి గమ్మీ (గంజాయి కలిపిన మిఠాయి) తిన్నామని రాసి క్లియరెన్స్ తెచ్చుకున్నవాళ్లున్నారు, దాచిపెట్టి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

నువ్వు తిన్నది కొలరాడోలో, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఫారం చూసేది దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టాన్ని, అది ఒప్పుకోదు. గత 7 ఏళ్లలో వాడావా అన్నదానికి అవునని రాయి. మొదటిసారి ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు, ఇకముందు వాడతావా అనీ అడుగుతుంది. "ఒక్కసారే" అని రాసి, ఇన్వెస్టిగేటర్ ఎదుట "మూడు నాలుగుసార్లేమో" అన్నావంటే, మిగతా పేజీల్లో రాసినవి కూడా ఆయన అనుమానంగానే చదువుతాడు. పైగా తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, 5 ఏళ్ల వరకు జైలు.

మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇండియా సంగతుల దగ్గర. తాతయ్య నీ పేర రాసిన పొలం ఉంది కదా, నాయనమ్మతో జాయింట్ అకౌంటూ ఉంది. "డబ్బు నాది కాదుగా, పేరు మాత్రమేగా" అంటావు. రెండూ ఫారంలో చూపించి, ఆ మాటే కామెంట్స్ బాక్సులో రాయి: ఎవరు తెరిచారు, ఎవరు వాడుతున్నారు, నువ్వెప్పుడైనా తీశావా. అన్నట్టు, విదేశాల్లో నీ అకౌంట్లన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికిచ్చే రిపోర్టు) ఫైల్ చెయ్యాలి. చేశావా లేదా ముందే చూసుకో. ప్రతి ఆదివారం వాట్సాప్‌లో గంటసేపు మాట్లాడే, ఇండియాలో ఉన్న మీ బావ పేరు ఫారంలో ఉండాల్సిందే. పెళ్లిలో ఒకసారి పలకరించిన చుట్టాలందర్నీ ఎక్కించక్కర్లేదు.

అలాగని అడగనివి కూడా కుమ్మరించకు. మానసిక ఆరోగ్యం ప్రశ్న చూసి కంగారుపడ్డావట. ఊరికే కౌన్సెలింగ్‌కి వెళ్లినంత మాత్రాన రాయమని అది అడగదు. ప్రశ్న రెండుసార్లు చదువు. అరెస్టుల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త: కేసు కొట్టేసినా, కోర్టు రికార్డు సీల్ చేసినా సాధారణంగా రాయాల్సిందే. "లాయర్ చెప్పక్కర్లేదన్నాడు" అన్న మాట నమ్ముకుని వదిలెయ్యకు.

తేదీలు గుర్తులేకపోతే అంచనాగా వేసి, పక్కనున్న 'ఎస్ట్.' బాక్సులో టిక్ పెట్టు. పంపేశాక ఏదైనా గుర్తొస్తే వాళ్లు పట్టుకునేదాకా ఆగకు, ఇంటర్వ్యూ మొదలవగానే నువ్వే చెప్పు. అడగకముందే సరిదిద్దుకున్నవాణ్ని వేరేగా చూస్తారు, వాళ్ల మార్గదర్శకాల్లోనే ఉంది. కాపీ దాచుకో. మళ్లీ నింపాల్సి వచ్చినప్పుడు ఈసారి రాసినదాంతో పోల్చి చూస్తారు.

అన్నీ నిజం రాసినా క్లియరెన్స్ రాకపోవచ్చు, ముఖ్యంగా గమ్మీ మొన్నమొన్నటిదైతే. అందుకే ఇవాళ్టి నుంచే మానెయ్.

ఇక నీ అసలు టెన్షన్: ఫారంలో రాసినవి మీ నాన్నకు చూపించరు. నేనూ చెప్పను.

మీ బాబాయ్