టెక్ సందేహాలు: రోజుకు 1.5 జీబీ డేటాతో ఆర్చ్ లినక్స్ నడపగలమా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర చిన్న ఊరు. డిగ్రీ చదువుతున్నాను. మా సీనియర్ నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు వాడే ఆర్చ్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిచ్చారు, బాగా నచ్చింది. కానీ నాకున్న నెట్ ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు 1.5 జీబీ, స్పీడ్ 2 ఎంబీపీఎస్ దాటదు. అప్‌డేట్ మొదలుపెడితే 1 జీబీ పైనే చూపిస్తోంది, సగంలో ఆగిపోతోంది. అప్‌డేట్ మానేసి, కావాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్తది వేసుకుంటే సరిపోతుందా సార్?

జవాబు: చివర్లో అడిగిన ఆ పని మాత్రం దయచేసి చేయకండి. మిగతా ఇబ్బందులకు దారి ఉంది.

ఉబుంటు అనే మరో రకం లినక్స్‌లో ఉన్నట్టు ఆర్చ్‌లో వెర్షన్లు ఉండవు. రోజూ కొత్త ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మూటలు) వస్తూనే ఉంటాయి, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేలా తయారవుతాయి. మీరు ప్యాకేజీల లిస్టును మాత్రం తాజా చేసుకుని ఒక్క సాఫ్ట్‌వేర్ వేశారనుకోండి. దానితోపాటు ఏదో ఒక లైబ్రరీ (చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఫైల్) కొత్తది దిగుతుంది. పాత లైబ్రరీని నమ్ముకున్న ప్రోగ్రాములు ఇక తెరుచుకోవు. ఒక్కోసారి డెస్క్‌టాప్ కూడా రాదు. సిస్టమ్‌ను ఇలా సగం సగం అప్‌డేట్ చేస్తే తమ మద్దతు ఉండదని ఆర్చ్ వాళ్లే స్పష్టంగా చెబుతారు. చేస్తే మొత్తం అప్‌డేట్ చేయాలి, లేదా లిస్టును ముట్టుకోకుండా ఉండాలి.

ఇంత డేటా ఎందుకు అవుతోందంటే, సాఫ్ట్‌వేర్ మారకపోయినా ప్యాకేజీ మారుతుంది. పైథాన్ కొత్త వెర్షన్ వస్తే దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలన్నీ మళ్లీ తయారవుతాయి, అవన్నీ మళ్లీ దింపుకోవాలి. మారిన ముక్క మాత్రమే దింపే డెల్టా సౌకర్యం, ఆర్చ్‌లో సాఫ్ట్‌వేర్ వేసే ప్రోగ్రాం ప్యాక్‌మ్యాన్‌లో ఒకప్పుడు ఉండేది. 2019లో వచ్చిన 5.2 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఫెడోరా అనే మరో లినక్స్ కూడా 2024లో తన 40వ వెర్షన్‌తో డెల్టాలు ఆపేసింది. నెమ్మది నెట్ వాళ్లకు ఇది నిజంగా నష్టమే.

మీ లెక్క చూద్దాం. 2 ఎంబీపీఎస్ అంటే, ఎక్కడా ఆగకపోయినా 1 జీబీకి గంటా ఏడు నిమిషాలు పడుతుంది. అంటే అసాధ్యమేమీ కాదు. డౌన్‌లోడ్‌ను, ఇన్‌స్టాల్‌ను విడదీస్తే చాలు. ప్యాక్‌మ్యాన్‌కు మామూలుగా ఇచ్చే ఎస్, వై, యు అక్షరాల చివర చిన్న డబ్ల్యూ చేర్చండి. అప్పుడు ప్యాకేజీలు దిగి క్యాష్‌లో (దింపిన ఫైళ్లు దాచే ఫోల్డర్‌లో) కూర్చుంటాయి, సిస్టమ్‌లో ఏదీ మారదు. డేటా అయిపోయి మధ్యలో ఆగినా ఫర్వాలేదు, పూర్తిగా దిగినవి అలాగే ఉంటాయి. మర్నాడు మిగతావి దింపేటప్పుడు మాత్రం 'వై' తీసేయండి. అది ఉంటే లిస్టు మళ్లీ తాజా అవుతుంది, నిన్న దింపిన వాటిలో కొన్ని పాతబడిపోతాయి, ఆ డేటా వృథా. అన్నీ దిగాక ఎస్, యు మాత్రమే ఇచ్చి ఒకేసారి ఇన్‌స్టాల్ చేయండి. ఈ రెండు మూడు రోజుల్లో విడిగా కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ వేయకండి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ప్యాకేజీలు దింపుకునే సర్వర్లయిన మిర్రర్లలో తాజా వెర్షన్ మాత్రమే ఉంటుంది. రెండో రోజుకే కొన్ని ఫైళ్లు 'దొరకలేదు' అని రావచ్చు. దీనికి మంచి మందు ఆర్చ్ లినక్స్ ఆర్కైవ్. ఏ రోజు ప్యాకేజీలు ఆ రోజువి అందులో భద్రంగా ఉంటాయి. మిర్రర్ లిస్టులో ఆర్కైవ్ అడ్రసు పెట్టి, ఈ నెల ఒకటో తేదీ వేసుకోండి. నాలుగు రోజులు పట్టినా ఫైళ్లు మారవు. వచ్చే నెల తేదీ మార్చుకోండి. బ్రౌజర్ కూడా నెల పాతబడుతుంది కాబట్టి, ఆన్‌లైన్‌లో డబ్బు లావాదేవీలు చేసేవాళ్లయితే పదిహేను రోజులకోసారి తేదీ మార్చడం మేలు.

సిగ్నల్ పోయినప్పుడు ప్యాక్‌మ్యాన్ కొన్ని సెకన్లు చూసి డౌన్‌లోడ్ వదిలేస్తుంది. దాని సెట్టింగుల ఫైల్‌లో డిసేబుల్ డౌన్‌లోడ్ టైమౌట్ అనే వరుస చేర్చండి, ఓపిగ్గా ఆగుతుంది. ఇంకొకటి, జాగా కోసం క్యాష్ మొత్తం ఊడ్చేయకండి. కొత్త వెర్షన్ ఇబ్బంది పెడితే పాతదాన్ని నెట్ లేకుండానే అక్కడి నుంచి తిరిగి వేసుకోవచ్చు.

యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ నెట్ వాడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేయకుండా ఫోన్ గుచ్చితే నెట్ రాకపోవచ్చు. నడుస్తున్న పాత కెర్నల్‌కు కావాల్సిన మాడ్యూళ్లు (డ్రైవర్ల లాంటి ముక్కలు) అప్పటికే డిస్క్ మీద ఉండవు. ఫోన్ చెడిపోయిందేమోనని టెన్షన్ పడకండి, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. నెలల తరబడి అప్‌డేట్ చేయకుండా ఉండి సిగ్నేచర్ ఎర్రర్లు (ప్యాకేజీ అసలైనదో కాదో తేల్చుకోలేకపోవడం) వస్తే, ముందు ఆ తనిఖీకి వాడే తాళంచెవులుండే ఆర్చ్ లినక్స్ కీరింగ్ ప్యాకేజీ వేసి, ఆ వెంటనే మొత్తం అప్‌డేట్ చేయండి.

ఇదంతా నేర్చుకోవాలనే ఆసక్తి మీకుంటే ఆర్చ్ వదలమని నేను చెప్పను. కానీ రేపు రికార్డు సబ్మిట్ చేయాల్సిన ల్యాప్‌టాప్ ఇదొక్కటే అయితే డెబియన్ స్టేబుల్ అనే నిలకడైన లినక్స్‌కు మారండి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో సాఫ్ట్‌వేర్ వెర్షన్లు దాదాపు కదలవు. భద్రతా సవరణలు, తప్పుల దిద్దుబాట్లే ప్రధానంగా వస్తాయి, మీ డేటాలో అవి సులువుగా ఇమిడిపోతాయి. రెండింటికీ మధ్యస్తంగా కావాలంటే ఓపెన్‌సూసె అనే లినక్స్ వాళ్ల స్లోరోల్ ఉంది. అందులో పెద్ద అప్‌డేట్లు సుమారు నెలకోసారి, ముఖ్యమైన సవరణలు మధ్యమధ్యలో వస్తాయి.

ప్రశ్న: ఇంట్లో డెబియన్ కంప్యూటర్ ఉంది, నెట్ లేదు. ఆఫీసులో మంచి నెట్ ఉంది కానీ విండోస్. పెన్‌డ్రైవ్‌లో అప్‌డేట్లు తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవచ్చు. ఏపీటీ-ఆఫ్‌లైన్ అనే చిన్న ప్రోగ్రాం సరిగ్గా ఇందుకే ఉంది. ఇంటి కంప్యూటర్‌లో అది ఏమేం కావాలో రాసిన ఫైల్ ఇస్తుంది. దాన్ని పట్టుకెళ్లి ఆఫీసులో అదే ప్రోగ్రాంకు ఇస్తే అన్నీ దింపి జిప్ కట్టిపెడుతుంది. విండోస్‌లోనూ నడుస్తుంది, పైథాన్ ఉండాలి. మొదటిసారి ప్యాకేజీల లిస్టు మాత్రం తెచ్చుకోండి, రెండోసారి ప్యాకేజీలు. పాత లిస్టుతో లెక్క వేయిస్తే పాత ప్యాకేజీలే అడుగుతుంది. ఆఫీసు కంప్యూటర్ కాబట్టి ముందు అనుమతి అడగండి.

ప్రశ్న: ఉబుంటు నాకు తెలియకుండానే హాట్‌స్పాట్ డేటా తినేస్తోంది. ఎలా ఆపాలి?

జవాబు: నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పరిమితి ఉన్నదిగా) గుర్తు పెట్టండి. ఫైర్‌ఫాక్స్ లాంటి స్నాప్ ప్యాకేజీలు (ఉబుంటు వాడే ఒక రకం ప్యాకేజీలు) వాటంతటవే రోజుకు నాలుగుసార్లు కొత్తవి ఉన్నాయేమో చూస్తాయి. స్నాప్ సిస్టమ్ సెట్టింగుల్లో రిఫ్రెష్ డాట్ మీటర్డ్ అనేదాన్ని హోల్డ్ అని పెడితే హాట్‌స్పాట్ మీద ఉన్నంతసేపూ ఆగుతాయి. వైఫై దొరికిన రోజు మీరే స్వయంగా రిఫ్రెష్ చేయండి, ముఖ్యంగా ఫైర్‌ఫాక్స్‌ను.