నాలుగింటి డ్యూటీ: బండి వాయిదా కట్టనా, గది అద్దె కట్టనా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. వయసు 20. ఇంటర్ అయ్యాక అమలాపురంలో ఒక బేకరీలో అప్రెంటిస్‌గా చేరాను. నెలకు 9,000, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. డ్యూటీ తెల్లవారుజామున నాలుగింటికి. ఆ టైమ్‌కి బస్సు ఉండదు. నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తారు. 20,000 ముందు కట్టి, 80,000 ఫైనాన్స్‌లో కొత్త బండి తీసుకోమంటున్నారు. తోటి కుర్రాళ్ల గదిలో చేరితే నా వాటా 1,500. తెలిసినాయన ఒకరు నెలకు 1,500తో 20 ఏళ్ల బీమా పాలసీ కట్టమంటున్నారు. ఓనరు గారు తన చీటీలో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు బండి సంగతి తేల్చేద్దాం. 80,000 అప్పు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే వాయిదా దాదాపు 2,735. రానూపోనూ పాతిక కిలోమీటర్లు, నెలకు 26 రోజులు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చినా 13 లీటర్లు కావాలి. లీటరు 110 చొప్పున 1,430. రెండూ కలిపితే 4,165. మీ సంపాదనలో దగ్గర దగ్గర సగం బండే తినేస్తుంది. సర్వీసింగు, బండి ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. పైగా మూడో నెలలో ఈ పని మన వల్ల కాదని మీరు మానేసినా వాయిదా మానదు.

గదిలో చేరండి. చీకట్లో కొడుకు కాలవ గట్టు మీద వెళ్తున్నాడని నాన్నగారికి టెన్షన్ ఉంటుంది, గది బేకరీకి నడిచే దూరంలో ఉంటే అదీ ఉండదు. ఆ 20,000 ఆయన చేతిలోవైతే బ్యాంకులో ఎఫ్‌డీ వేసుకోమనండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నవైతే మాత్రం అసలు తేవద్దనండి, ఏడాదికి 24 శాతమది. ఏడాది తర్వాత కూడా బండి అవసరమే అనిపిస్తే పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఒకటి రొక్కం పెట్టి కొనుక్కోవచ్చు. షోకు ఉండదు, అప్పూ ఉండదు.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అసలు ముఖ్యమైంది అదే. మీ అప్రెంటిస్‌షిప్‌కు కాగితం ఉందా? చిన్న ఊళ్ల బేకరీల్లో చాలాచోట్ల ఇది నోటిమాటే. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదై, కేంద్రం అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కిందకు వస్తే స్టైపెండ్‌లో, అంటే నేర్చుకునే కాలంలో ఇచ్చే నెల డబ్బులో, 25 శాతం, గరిష్ఠంగా 1,500, కేంద్రం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. అది 9,000కు అదనం కాదు, అందులో భాగమే. ఓనరుకు ఆ మేరకు భారం తగ్గుతుంది కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఖాతాకు ఆధార్ లింక్ అయిందో లేదో చూసుకోండి. చివర్లో సర్టిఫికెట్ వస్తే రేపు హోటల్ ఉద్యోగానికైనా, సొంత షాపు లోనుకైనా పనికొస్తుంది. నమోదైన అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. నమోదే లేకపోతే మీరు మామూలు పనివారే, అప్పుడు మాట్లాడాల్సింది కనీస వేతనం గురించి.

చీటీ వద్దు. ఓనరు మంచివారే కావచ్చు. కానీ జీతం ఆయన చేతిలో, దాచుకున్నదీ ఆయన చేతిలో ఉంటే రేపు పని మానాలన్నా నోరు పెగలదు. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ కాని చీటీలో తేడా వస్తే అడిగే దిక్కు కూడా కష్టమే. “మొదటి ఏడాది ఇంటికి పంపాలండీ” అనండి, నొచ్చుకోరు.

పాలసీ కూడా ఇప్పుడు వద్దు. ఏడాది నిండకముందే ఆపేస్తే కట్టింది చాలావరకు పోయినట్టే. మీ బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయలకు సురక్షా బీమా, 436కు జీవన్‌జ్యోతి ఉన్నాయి. మొదటిది ప్రమాదానికి, రెండోది ప్రాణానికి, చెరో 2 లక్షలు. ఓవెన్ దగ్గర చెయ్యి కాలితే ఇవి ఆసుపత్రి ఖర్చు ఇవ్వవు. అందుకని రేషన్ కార్డులో మీ పేరుందో లేదో, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

గదికి 1,500, తిండికి 2,500, ఇంటికి 2,000, ఫోను వగైరాలకు 700 పోతే చేతిలో 2,300 ఉంటాయి. అందులో 1,500 బ్యాంకులో ఏడాది ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, వేయండి. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే కానీ అయిదేళ్లది, మూడేళ్లు నిండే దాకా మూయనివ్వరు. అది తర్వాత చూద్దాం. ఆర్డీ గడువు సంక్రాంతి ముందు తీరేలా మాత్రం పెట్టకండి. మన జిల్లాల్లో కోడిపందేల బరుల దగ్గరికి ఆ డబ్బుకు దారి బాగా తెలుసు! క్రిస్మస్, న్యూ ఇయర్ కేకుల సీజన్‌లో అదనంగా ఏమైనా ఇస్తే అదీ ముట్టుకోకుండా ఖాతాలోనే ఉంచండి.

మిగిలిన 800లోంచి ఒక నెల చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. మాస్టర్ పిండి చేత్తో నొక్కి “నీళ్లు చాల్లేరా” అంటాడు. కిలో మైదాకు అవి ఎన్ని గ్రాములయ్యాయో, ఈస్ట్ ఎంత పడిందో, వానాకాలంలో ఎంత తగ్గించాడో ఆ రాత్రే నోట్‌బుక్‌లో రాసుకోండి. బన్నుకో పేజీ, రస్కుకో పేజీ. ఈ ఏడాది మీరు పెట్టే ఖర్చుల్లో నేను బేరమాడకుండా ఒప్పుకునేది ఇదొక్కటే.