పాత పికప్‌కు పవర్ స్టీరింగ్

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి బస్తాలు తోలే మా పాత పికప్ స్టీరింగ్ తిప్పలేనంత బరువుగా ఉంటోంది. పవర్ స్టీరింగ్ పెట్టించవచ్చునా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెట్టించవచ్చు, అయితే ముందు చక్రాల్లో గాలిని, కింగ్‌పిన్‌ల (ముందు చక్రాలు పక్కలకు తిరిగేందుకు ఆధారమైన పిన్నుల) గ్రీజును మొదట చూపించండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. మార్పిడి అంటే ఆయిల్‌ను పీడనంతో పంపే పంపును బిగించడం ఒక్కటే కాదు: స్టీరింగ్ గేర్‌బాక్సును (స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ కదలికను చక్రాలకు అందించే పెట్టెను) మార్చి, ఛాసిస్‌కు గట్టి బ్రాకెట్‌తో బిగించి, స్టీరింగ్ కాలమ్‌ను (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి వచ్చే కడ్డీని) దానికి తగిన జాయింటుతో కలిపి, పంపు పుల్లీని ఇంజను క్రాంక్ పుల్లీతో ఒకే వరుసలో నిలపాలి, లేకపోతే బెల్టు త్వరగా పాడవుతుంది. పంపు నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే గొట్టం అధిక పీడనాన్ని తట్టుకునేదే కావాలి. అక్కడ మామూలు రబ్బరు గొట్టంతో సరిపెడతానన్న మెకానిక్‌కు బండి అప్పగించకండి. ఆయిల్ పోశాక ముందు చక్రాలను పైకి లేపి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతూ గాలి బుడగలను బయటకు పంపించాలి.