పురిటికి పుట్టింటికి వెళ్ళాలంటేనే భయం

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. మొదటి కాన్పు, ఇప్పుడు ఆరో నెల. నా చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు, అడ్డం వెళ్తే నాకూ పడేవి. చిన్నప్పుడు ఇలాంటివి చూసిన ఆడవాళ్ళకు నెలలు నిండకుండానే కాన్పు అవుతుందనీ, బిడ్డ బరువు తక్కువ పుడుతుందనీ ఈమధ్య ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అప్పట్నించీ నిద్ర లేదు. పైగా ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపుతామంటున్నారు మా అత్తగారు. నాన్న ఇప్పటికీ తాగుతాడు. నా టెన్షన్ బిడ్డకు తగులుతుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే మిమ్మల్ని హడలగొట్టి సగంలో వదిలేశారు. అమెరికాలో శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ అండా అనే డాక్టర్లూ వాళ్ళ బృందమూ 9,508 మంది పెద్దవాళ్ళను మీ చిన్నప్పుడు ఇంట్లో కొట్టేవారా, తాగేవాళ్ళున్నారా, అమ్మ దెబ్బలు తినేదా అని అడిగి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు, ఈ మాటలన్నీ బాగా ప్రచారంలోకి వచ్చింది అక్కణ్ణించే. ఇలాంటివి ఎన్ని రకాలు పడితే పెద్దయ్యాక డిప్రెషన్, గుండె జబ్బు లాంటివి అంత ఎక్కువగా కనబడ్డాయి. తర్వాత వేరేవాళ్ళు గర్భిణుల్లో చూస్తే, 37 వారాలు నిండని కాన్పులూ రెండున్నర కిలోల లోపు బిడ్డలూ ఇలాంటి తల్లులకు కొంచెం ఎక్కువ అని తేలింది. కొంచెం. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ళలోనూ ఎక్కువమందికి నెలలు నిండి మామూలు బరువుతోనే పిల్లలు పుడుతున్నారు. ఈ లెక్కలు పట్టుకుని ఒక్కో మనిషికి ఏమవుతుందో తేల్చకూడదని ఆ అండానే 2020లో ఇంకొందరితో కలిసి రాశారు, వీడియోలు చేసేవాళ్ళకు ఆ ముక్క అక్కర్లేదనుకుంటా.

ఇక టెన్షన్ సంగతి. మాయలో (బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే ప్లసెంటాలో) ఒక ఎంజైము ఉంటుంది, అది తల్లి రక్తంలోని కార్టిసాల్‌ను, అంటే టెన్షన్ పడినప్పుడు పెరిగే హార్మోన్‌ను, చాలావరకు పనిచెయ్యని రూపంలోకి మార్చేసి బిడ్డ దాకా పోనివ్వదు. కాబట్టి ఒక రాత్రి ఏడ్చారనో, ఒక గొడవ జరిగిందనో బిడ్డకు ఏదో అయిపోదు. నెలల తరబడి నిద్రా తిండీ లేకుండా, భయంతోనే రోజులు గడిస్తే అది వేరే విషయం. చిన్నప్పటి కష్టం కాన్పు దాకా వచ్చే దారుల్లో చాలావరకు ఇలాంటివే: గుర్తించని డిప్రెషన్, పొగాకు, పరీక్షలకు ఆలస్యంగా వెళ్ళడం, ఇప్పుడూ ఇంట్లో కొట్టేవాళ్ళుండటం. చిన్నతనాన్ని ఎవరూ మార్చలేరు గానీ వీటికి మందూ మార్గమూ ఉన్నాయి.

అందుకని ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు నిద్ర పట్టట్లేదని, ఎందుకు పట్టట్లేదో రెండు ముక్కల్లో డాక్టర్‌కు చెప్పండి. కథంతా చెప్పక్కర్లేదు. గడిచిన 7 రోజులు మనసెలా ఉందో అడిగే 10 ప్రశ్నల ఎడిన్‌బరా పట్టిక ఒకటి ఉంది, డిప్రెషన్ ఉందేమో పట్టుకోవడానికి గర్భిణులకూ బాలింతలకూ వాడతారు, అది చూడమని అడగండి. మందు అవసరమైతే గర్భంతో ఉన్నప్పుడు వాడగలిగేవి ఉన్నాయి, ఇప్పటికే ఏదైనా వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యకండి. రాత్రిపూట మరీ గుండె దడగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. బీపీ, షుగర్, రక్తం పరీక్షలు ఎలాగూ తప్పవు, ఐరన్ మాత్రలు మానకండి.

పుట్టిల్లు. వెళ్ళొద్దు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది ఆనవాయితీ, అమ్మాయికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని పెట్టుకున్నది. మీకు అక్కడ దొరికేది విశ్రాంతి కాదు, గేటు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడటం. అత్తగారికి ఇదంతా చెప్పడం ఇష్టం లేకపోతే, మొదట్నించీ చూస్తున్న డాక్టర్ ఇక్కడే ఉన్నారు, ఏడో నెల దాటాక ఆస్పత్రి మారడం మంచిది కాదు అనండి. అది సాకు కాదు, నిజమే. మాట మీ ఆయనతో చెప్పిస్తే ఇంకా తేలిక. సీమంతం మీ ఇంట్లోనే చేసుకుని, పురుటికి అమ్మను మీ దగ్గరికి పిలిపించుకోండి, నిజం చెప్పాలంటే ఆవిడకూ ఆ నాలుగు నెలలు ఊపిరాడుతుంది. మీరు లేనప్పుడు అక్కడ గొడవ ముదిరితే 181 మహిళా హెల్ప్‌లైన్ ఉందని అమ్మకు చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా కోడలికి అయిదో నెల. డాక్టర్ లోపలి పరీక్ష అనగానే బిగుసుకుపోయి ఏడుస్తుంది. చిన్నప్పుడు ఏదో జరిగిందని మా అబ్బాయి అంటాడు, ఏమిటో చెప్పడు. మా కాలంలో ఇవన్నీ లేవు. గట్టిగా అడగమంటారా?
– ఒక అత్తగారు, గుంటూరు

జవాబు: అడగకండి. మీ కాలంలోనూ ఉండేవమ్మా, చెప్పుకునే చోటే ఉండేది కాదు. చెప్పాలనిపిస్తే తనే చెప్తుంది. పరీక్షకు ముందు డాక్టర్‌తో, తనకు భయం ఎక్కువ, లేడీ డాక్టరే చూడాలి, ఏం చేస్తున్నారో ముందే చెప్పి చెయ్యండి, ఆపమంటే ఆపండి అని కోడలే చెప్పొచ్చు, నోరు రాకపోతే ఆమెను అడిగి మీ అబ్బాయి చెప్పొచ్చు. ఈ నెలల్లో చాలావరకు పొట్ట మీద స్కాన్, బీపీ, రక్తపరీక్షలతోనే సరిపోతుంది, లోపలి పరీక్ష ప్రతిసారీ అవసరం ఉండదు, నిజంగా కావాలా అని అడగడం మీ హక్కు. కాన్పు గదిలోకి తోడు ఎవరు రావాలో ఇప్పుడే కోడల్ని అడిగి, ఆస్పత్రి వాళ్ళు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. తోడుగా మిమ్మల్ని కాకుండా వాళ్ళ అక్కను రమ్మందంటే నొచ్చుకోకండి.