దూదేకుల ఇంట్లో మూలాల గురించి రెండు కథలుంటే ఏది నమ్మాలి?

మీ తాతగారు "నవాబు ఫౌజుతో వచ్చినవాళ్ళం" అంటే, అమ్మమ్మగారు "ఇక్కడివాళ్ళమే, పీరును నమ్మి మారాం" అంటారని రాశారు. జన్యు పరీక్ష చేయిస్తే నిజం తేలుతుందా అని అడిగారు. మాదీ దూదేకుల ఇల్లే, అంటే దూది ఏకే వృత్తి చేసుకున్న తెలుగు ముస్లింలం, కడప జిల్లా. ఈ రెండు కథలూ వింటూ పెరిగాను.

ఇంట్లో తెలుగే మాట్లాడినందుకు "ఉర్దూ రాని సాయిబులు" అనిపించుకుని, పేరు చూసిన మిగతావారికీ పరాయివాళ్ళమైన మనకు ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. ఎవరైనా దీన్ని తేలిగ్గా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

ఫౌజు కథను పూర్తిగా కొట్టిపారేయలేం. 18వ శతాబ్దంలో కడపను మయానా నవాబులు ఏలారు, వారి సైన్యాలు ఈ ఊళ్ళలో తిరిగాయి. అయితే గుర్రం, కత్తి గురించి గొప్పగా చెప్పే మా పెదనాన్నలెవరూ ఆ వచ్చినాయన పేరు గానీ, ఏ ఊళ్ళో దిగాడో గానీ చెప్పలేకపోయారు. మా జేజి (నాయనమ్మ) చెప్పిన కథలో మాత్రం మనుషులున్నారు. అన్నదమ్ముల్లో చిన్నవాడికి జబ్బు చేస్తే తల్లి పెనుకొండ దర్గాలోని పీరు (సూఫీ గురువు) బాబయ్యకు మొక్కుకుందట. వాడు బతికి పీరు దారి పట్టాడు, పెద్దవాడు పాత దేవుళ్ళతోనే ఉండిపోయాడు. ఆ పెద్దవాడి వంశమనే ఇల్లు పక్క ఊళ్ళో ఇప్పటికీ ఉంది. మా ఇంట పెళ్ళయితే మొదటి తాంబూలం వాళ్ళకే. వాళ్ళను అడిగితే అదే కథ చెప్పారు, కాకపోతే మొక్కుకున్నది తల్లి కాదట, మేనత్తట. వివరాలు మారినా వేర్వేరు మతాల రెండిళ్ళలో నిలిచిన కథ ఇది, పైగా దాని వెంట ఒక ఆచారం నడుస్తోంది. అందుకే నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను.

మూడో రకం కథ కూడా మీకు ఎదురుకావచ్చు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ మన మూలపురుషుడని కొందరు పెద్దలు అంటారు. ఉత్తరాదిన దూది ఏకే ముస్లింలు ఆయన పేరుతోనే మన్సూరీలయ్యారు. పద్మశాలీలు భావనారుషిని చెప్పుకున్నట్టే ఇది వృత్తికి చెప్పుకునే వంశం. దాన్ని గౌరవించండి, కానీ వంశవృక్షంలో రాయకండి.

పేర్లను చూసి తొందరపడకండి. దస్తగిరి, మస్తాన్, కుళ్ళాయప్ప అనే పేర్లు మా వైపు హిందువుల ఇళ్ళలోనూ ఉన్నాయి. గూగూడులో హిందువులూ ముస్లింలూ కొలిచే పీరు కుళ్ళాయస్వామికి మొక్కుకుని బిడ్డకు ఆ పేరు పెట్టినవారి మతం పేరును బట్టి ఎలా తెలుస్తుంది? పెళ్ళిలో నల్లపూసలు కడతారు కాబట్టి ఒకప్పుడు హిందువులమే అనే వాదన కూడా నిలవదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే ముస్లిం స్త్రీలు కూడా నల్లపూసలు వేసుకుంటారు. పాత ఆచారం మిగిలిపోయి ఉండవచ్చు, ఇరుగుపొరుగు నుంచి వచ్చీ ఉండవచ్చు.

పెద్దవాళ్ళను "మనం ఎవరం?" అని అడిగితే నేర్చుకున్న జవాబే వస్తుంది. పుట్టువెంట్రుకలు ఎక్కడ తీస్తారు, కందూరు (మొక్కు తీర్చే విందు) ఏ దర్గాలో చేస్తారు, ఎవరింటికి పిల్లనివ్వరు, పాత సమాధులు ఏ ఊళ్ళో ఉన్నాయి అని అడగండి. ముందు ఆడవాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పే జవాబుల్లో ఊళ్ళ పేర్లుంటాయి. రికార్డులు వెతకడానికి కావలసింది అవే.

రికార్డుల్లో నాకు పనికొచ్చింది 1860ల నాటి ఇనాం (మాన్యం) భూముల రిజిస్టరు. కలెక్టరు కార్యాలయం రికార్డు గదిలో నకలు అడగవచ్చు. పీర్ల చావిడి సేవకు ఇచ్చిన కొద్దిపాటి భూమి పక్కన మా ముత్తాత తండ్రి పేరు కనిపించింది. దాంతో ఏ కథా రుజువు కాలేదు, కానీ అప్పటికే మావాళ్ళు ఆ ఊరివాళ్ళని, పీర్లతో వాళ్ళకు సంబంధం ఉందని తేలింది. కంపెనీ కాలపు అధికారి మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో, అంటే ఊళ్ళ చరిత్రల్లో, మీ గ్రామం ఉందేమో కూడా చూడండి. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో మీ ఇంటిపేరు దొరక్కపోవచ్చు, ఊరిని ఎవరు కట్టారు, దర్గాకు ఎవరు మాన్యం ఇచ్చారు అనేవి దొరకవచ్చు.

ఇక జన్యు పరీక్ష. భారతీయ ముస్లింల మీద జరిగిన అధ్యయనాలు ఎక్కువగా చుట్టుపక్కల జనంతో దగ్గరితనాన్నే చూపాయి, మీకూ అలాగే రావచ్చు. మీ ముత్తాత ఏ దేవుణ్ణి కొలిచాడో మాత్రం ఏ శాతమూ చెప్పదు. ఎనిమిది తరాలు వెనక్కి వెళితే ఒక్కొక్కరికి 256 మంది పూర్వీకులు. వాళ్ళలో ఒకాయన ఫౌజుతో వచ్చి ఉండవచ్చు, మిగతావాళ్ళు ఇక్కడే పత్తి ఏకుతూ ఉండవచ్చు. అప్పుడు మీ తాతగారూ అబద్ధం చెప్పలేదు, అమ్మమ్మగారూ చెప్పలేదు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళే వరుసను చూసే పరీక్ష ఆ ఒక్క వరుస గురించి కొంత చెప్పగలదు. చేయించాలనుకుంటే అది చేయించండి, కానీ అమ్మమ్మగారి మాటలు రికార్డు చేశాకే. మీ ఊరు పాత తాలూకాల్లో దేని కింద ఉండేదో రాస్తే నా దగ్గరున్న కైఫీయత్తు సంపుటాల్లో వెతికి చెబుతాను.